పాత మారుతీ ఎస్టీమ్ కారులో పవర్ విండోలు నత్తనడక, సెంట్రల్ లాక్ సగంలో ఆగుతోంది: మోటార్లు మార్చాలా, వైరింగ్ చూడాలా?

ఎస్టీమ్_కాకినాడ:

2004 ఎస్టీమ్ వీఎక్స్ఐ, నాలుగు తలుపులకూ పవర్ విండోలు. అద్దాలు దిగడం పరవాలేదు, ఎక్కడమే కష్టం. ఇంజిన్ ఆన్‌లో ఉంచి చూస్తే డ్రైవర్ వైపుది పైకి రావడానికి 9 సెకన్లు, ముందు ఎడమది 12, వెనక రెండూ 10 దగ్గర పడుతున్నాయి. ముందు ఎడమది ముప్పాతిక వంతు వచ్చి ఆగిపోతుంది. చేత్తో పైకి లాగుతూ స్విచ్ నొక్కితేనే మూసుకుంటుంది. హెడ్‌లైట్లు వేస్తే అన్నీ ఇంకాస్త నెమ్మదిస్తాయి.

సెంట్రల్ లాక్ బయట వేయించిన కిట్. డ్రైవర్ తలుపులో ఐదు వైర్ల మోటారు, మిగతా మూడింటిలో రెండు వైర్లవి. రిమోట్ నొక్కితే మూడు లాకులు పడతాయి, వెనక ఎడమది సగంలో ఆగుతుంది. అప్పుడప్పుడు ఎవరూ ముట్టుకోకుండానే లాకులన్నీ టకటకమని పడి లేస్తున్నాయి.

నాలుగు విండో మిషన్లూ (అద్దాన్ని ఎత్తి దించే మోటారు, దాని చట్రం) కొత్తవి వేయమని ఒకరన్నారు, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) పెడితే సరిపోతుందని ఇంకొకరు. మల్టీమీటర్ ఉంది, డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు మూత) విప్పడం వచ్చు. డబ్బు పెట్టే ముందు దేని తర్వాత ఏది చూడాలో చెప్పగలరా?

ఆటోనగర్_వైరింగ్:

నాలుగు మిషన్లూ ఒకేసారి పోవడం అరుదండీ. నాలుగూ నెమ్మదించాయంటే నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చూడాలి: ఫ్యూజు, మెయిన్ ఫీడ్ వైరు, డ్రైవర్ స్విచ్ బోర్డు, ఎర్త్ పాయింటు (మైనస్ వైర్లు బాడీకి కలిసే చోటు). వీటితోపాటు ఇరవై ఏళ్ల గ్లాస్ రబ్బర్లు. ముందు ఎడమది మాత్రం అన్నిటికంటే ఎక్కువ మొరాయిస్తోంది కాబట్టి దానిలో అదనంగా ఇంకేదో ఉంది. పరీక్షకు ఆ తలుపే తీసుకోండి.

ముందు బ్యాటరీ. ఇంజిన్ ఆపిన కొన్ని గంటల తర్వాత 12.5 వోల్టులకు తగ్గకూడదు. ఇంజిన్ ఆన్‌లో హెడ్‌లైట్లు వేసినా 13.5 పైన ఉండాలి. అది లేకపోతే తలుపు విప్పడం దండగ, ఆల్టర్నేటర్ సంగతి చూసుకోండి.

ఆ తర్వాత ఎడమ డోర్ ప్యాడ్ విప్పి మోటారు కప్లర్ (వైర్లు గుచ్చే ప్లగ్గు) వెనక నుంచి రెండు గుండుసూదులు దూర్చి, అద్దం పైకి ఎక్కుతుండగా మీటరు పెట్టండి. స్విచ్ వదిలేసి చూస్తే ఏ సంగతీ తెలియదు, కరెంటు పారుతున్నప్పుడే వోల్టేజి ఎక్కడ పోతోందో బయటపడుతుంది. బ్యాటరీ దగ్గర 14 ఉంటే మోటారు దగ్గర 12 పైన రావాలి. తక్కువ వస్తే, ఐదు మీటర్ల వైరు ముక్కతో మీటరు ఎర్ర ప్రోబును బ్యాటరీ ప్లస్‌కు కట్టి, నల్ల ప్రోబును మోటారు ప్లస్ కాలికి పెట్టండి. ప్లస్ వైపు ఎంత పోతోందో నేరుగా తెరమీద కనిపిస్తుంది. అలాగే మోటారు మైనస్ కాలికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య చూడండి. వైరు రంగులు నమ్ముకోవద్దు. అద్దం ఎక్కేటప్పుడు ప్లస్ అయిన వైరే దిగేటప్పుడు మైనస్ అవుతుంది.

మీటరు లేకుండా చేయగల పరీక్ష ఒకటుంది. ఎడమ అద్దాన్ని డ్రైవర్ స్విచ్‌తో ఒకసారి, ఆ తలుపు మీదున్న స్విచ్‌తో ఇంకోసారి ఎక్కించండి. ఈ తరం బండ్లలో ఎక్కువగా డ్రైవర్ స్విచ్ నుంచి నొక్కితే కరెంటు డ్రైవర్ స్విచ్‌లో రెండు కాంటాక్టులు, ఎడమ స్విచ్‌లో రెండు కాంటాక్టులు, మొత్తం నాలుగు దాటాలి. ఎడమ స్విచ్ నుంచి నొక్కితే మూడే. తేడా కంటికి కనిపించేంత ఉంటే డ్రైవర్ బోర్డు కాంటాక్టులు కాలిపోయినట్టే.

అద్దం_రబ్బరు:

వైరింగు అన్నగారు చెప్పింది సరైనదే. అయితే ముప్పాతిక దగ్గర ఆగేది వోల్టేజి ఒక్కదానివల్ల కాదు. అక్కడ అద్దం పట్టేస్తోంది. వోల్టేజి తక్కువైతే మొదటి నుంచీ నెమ్మదిగా వెళ్తుంది కానీ, ఎప్పుడూ ఒకేచోట ఆగదు.

అద్దాన్ని మిషన్ నుంచి విడదీయండి. రెండు బోల్టులు ఉంటాయి, అద్దం సగం దించితే ప్యానెల్ రంధ్రాల్లోంచి స్పానర్ అందుతుంది. విప్పేటప్పుడు అద్దాన్ని చేత్తో పట్టుకుని, విప్పగానే పైకెత్తి, ఫ్రేమ్ మీదుగా లోపలి వైపుకూ బయటి వైపుకూ మాస్కింగ్ టేపు మూడు పట్టీలు వేసి వేలాడదీయండి. లేకపోతే జారి తలుపు అడుగున పడి అంచు పెచ్చులూడుతుంది. ఇప్పుడు అద్దం లేని మిషన్‌ని నడపండి, తర్వాత అద్దాన్ని రెండు చేతులతో పైకీ కిందికీ జరిపి చూడండి. మిషన్ ఒక్కటే చురుగ్గా నడిచి, అద్దం చేతికి బరువుగా పట్టేస్తే తప్పు రబ్బరుదే.

యూ ఆకారం రబ్బరు చానెల్ లోపల సన్నటి నూగు ఉంటుంది, దాన్ని వెల్వెట్ అంటారు. ఎండకు అది రాలిపోయి ఉత్త రబ్బరు మిగిలితే అద్దాన్ని జిగురులా పట్టేస్తుంది. వేలు పెట్టి తడిమి చూడండి. నూగు ఉంటే వేలు జారుతుంది, పోతే కిర్రుమంటుంది. నూగు మిగిలుంటే తడిగుడ్డ చుట్టిన ఐస్‌క్రీమ్ పుల్లతో చానెల్ పొడవునా మట్టి తీసి, పూర్తిగా ఆరాక సిలికోన్ స్ప్రే కొట్టండి. డబ్బాతో వచ్చే సన్నటి గొట్టం చానెల్ లోపలికి పెట్టి, తలుపుకు ఒక్కోవైపు రెండు మూడు సెకన్లు కొడితే చాలు. తర్వాత అద్దాన్ని పది సార్లు దించి ఎక్కించండి, మధ్యమధ్య ఆగుతూ. మోటారులో వేడి ఎక్కితే తెగే కటౌట్ ఉంటుంది, ఏకబిగిన నడిపితే ఆగిపోయి కాసేపటికి గానీ మళ్లీ పలకదు. నూగు పోయుంటే చానెల్ మార్చడమే దారి, ఏ స్ప్రేతోనూ అది బాగుపడదు.

ఇంజిన్ ఆయిలు, గ్రీజు, కొబ్బరినూనె రబ్బరుకు పూయొద్దు. రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము పట్టి ముద్దవుతుంది. డబ్ల్యూడీ-40 రోజులు గడవకముందే ఆరిపోతుంది, పైగా మిషన్ పళ్ల మీదున్న పాత గ్రీజును కడిగేస్తుంది.

ఇంకొక్కటి చూడండి. 2012లో సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత చాలామంది అద్దాల నల్ల ఫిల్ములు పీకించారు. పీకినప్పుడు అద్దం అంచుల దగ్గర, తలుపు లోపలికి దిగి ఉండే కింది భాగంలో జిగురు మిగిలిపోతుంది. అద్దం ఎక్కేటప్పుడు ఆ జిగురు పట్టీ లోపలి బీడింగుకు (అద్దం తలుపులోంచి బయటికొచ్చే చోట ఉండే రబ్బరు పట్టీకి) తగిలినచోటే మోటారు మూలుగుతుంది. అద్దం మీద గోరు పెట్టి గీస్తే తెలుస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నానబెట్టి ప్లాస్టిక్ కార్డుతో గీకేయండి.

ఎస్టీమ్_కాకినాడ:

ఇద్దరికీ ధన్యవాదాలు. ముందు ఎడమ తలుపు విప్పాను.

మిషన్ కత్తెర రకం, స్ప్రింగు ఉంది. అద్దం లేకుండా నడిపితే పైకి 6 సెకన్లు. అద్దం చేత్తో జరిపితే కింది సగం పరవాలేదు, ఆ పైన గట్టిగా పట్టేస్తోంది. గోరు పెట్టి గీస్తే అడుగు భాగంలో రెండంగుళాల వెడల్పున జిగురు ఉంది! వెల్వెట్ వెనక నిలువు చానెల్లో పూర్తిగా పోయింది, ముందు వైపుది బాగుంది.

రీడింగులు, అద్దం బిగించి, డ్రైవర్ స్విచ్‌తో పైకి ఎక్కిస్తూ: బ్యాటరీ 14.1, మోటారు దగ్గర 9.4. ప్లస్ వైపు 3.6 పోతోంది, ఎర్త్ వైపు 1.1. ప్లస్ వైపు విడివిడిగా చూస్తే ఫ్యూజు దాటేసరికి 0.4, అక్కడి నుంచి డ్రైవర్ స్విచ్ వరకు 0.5, డ్రైవర్ స్విచ్‌లోనే 1.4, తలుపుల మధ్య వైరులో 0.3, ఎడమ స్విచ్‌లో 1.0.

అంటే రిలేలు పెట్టాల్సిందేనా?

ఆటోనగర్_వైరింగ్:

ఇంత శుభ్రంగా కొలిచి పెడితే జవాబు అందులోనే ఉంది. పోయిన 3.6లో 2.4 రెండు స్విచ్‌లే తినేస్తున్నాయి. రిలేలు తర్వాత, ముందు స్విచ్‌లు విప్పండి.

బోర్డు అడుగు మూత పక్కల ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఎత్తండి. లోపల చిన్న రాగి ఊగుడు పలకలు, స్ప్రింగులు, ప్లాస్టిక్ గుబ్బలు ఉంటాయి. తెల్లగుడ్డ పరిచి దాని మీద విప్పండి, స్ప్రింగు ఎగిరితే దొరకదు. విప్పే ముందు ఫోనులో ఫొటో తీసుకోండి. కాంటాక్టుల మీద నల్లటి మసి కనిపిస్తుంది. ఎమ్రీ కాగితంతో రుద్దొద్దు. పైన ఉన్న వెండి పూత లేచిపోయి నెలల్లో మళ్లీ కాలుతుంది. విజిటింగ్ కార్డును సన్నగా కత్తిరించి కాంటాక్ట్ క్లీనర్‌లో ముంచి, రెండు కాంటాక్టుల మధ్య పెట్టి లాగండి, కార్డు తెల్లగా వచ్చేదాకా. గుంటలు పడి ఉంటే మాత్రం స్విచ్ మార్చేయండి.

ఎర్త్ వైపు 1.1 కూడా ఎక్కువే. అందులో కొంత ఆ స్విచ్‌ల రెండో కాంటాక్టుదే, మిగిలింది బాడీకి బిగించిన రింగ్ లగ్గుది (వైరు కొసన ఉండే ఉంగరం లాంటి రేకుది). మీది కాకినాడ, ఉప్పుగాలికి లగ్గు కింద తుప్పు పట్టకుండా ఉండదు. డాష్‌బోర్డు కింద పక్క ప్యానెల్ తీస్తే నల్ల వైర్లు కలిసే బోల్టు కనిపిస్తుంది. బ్యాటరీ మైనస్ విప్పేసి, లగ్గునీ దాని కింది రేకునీ లోహం మెరిసేదాకా గీకి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. హెడ్‌లైట్లు వేస్తే నెమ్మదించడం చూస్తే హెడ్‌లైట్ల కరెంటు కూడా ఇదే దారిలో ఎక్కడో కలుస్తోందనిపిస్తోంది. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజిన్‌కి వెళ్లే లావు ఎర్త్ పట్టీల రెండు కొసలూ కూడా శుభ్రం చేయండి.

తలుపుకూ బాడీకీ మధ్య మడతల రబ్బరు గొట్టం ఉంటుంది కదా, అద్దం నడుస్తుండగా దాన్ని పట్టుకుని అటూ ఇటూ వంచండి. మోటారు శబ్దం మారితే లోపల తీగపోచలు తెగాయి. పైన ప్లాస్టిక్ బాగానే ఉండి లోపల నాలుగు పోచల మీద నడుస్తూ ఉంటుంది. అతుకు ఆ గొట్టంలో వేయొద్దు. సోల్డరు దగ్గర వైరు బిరుసెక్కి, తలుపు తెరిచి మూసినప్పుడల్లా వంగి అతుకు పక్కనే తెగుతుంది. పాతిక సెంటీమీటర్ల మెత్తటి మల్టీస్ట్రాండ్ వైరు ముక్క వేసి, అతుకులు ఒకటి తలుపు లోపలికి, ఒకటి బాడీ లోపలికి వచ్చేలా చూడండి.

స్పానర్_10:

కత్తెర మిషన్ అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. అద్దం బరువు మోయడానికి ఆ మిషన్‌లో గడియారం స్ప్రింగు బిగించి ఉంటుంది. మోటారే దాన్ని పట్టి ఉంచుతుంది. అద్దం లేకుండా మోటారు మూడు స్క్రూలు విప్పితే, పళ్ల పలక ఒక్క ఊపున తిరిగి వేళ్లు కోసేస్తుంది. మోటారు విప్పాల్సి వస్తే ముందు పళ్ల పలకనూ కింది ప్లేటునూ కలిపి ఒక బోల్టుతో గానీ సీ క్లాంపుతో గానీ కదలకుండా బిగించండి. ప్యాడ్ విప్పి ఉండగా ఇంట్లో పిల్లలు స్విచ్ నొక్కకుండా ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి.

అద్దం లేకుండానే 6 సెకన్లు పట్టిందంటే మిషన్ కూడా ఎండిపోయినట్టుంది, తప్పులో సగం వోల్టేజిదే అనుకున్నా. పళ్లు, కత్తెర మధ్య పిన్ను, అద్దం పట్టాలో జారే నైలాన్ గుండీ, ఈ మూడు చోట్లా పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి వైట్ లిథియం గ్రీజు పలచగా రాయండి. నైలాన్ గుండీ అరిగి వదులైతే అద్దం వాలి ఒక మూల పట్టేస్తుంది. అద్దం ఎక్కేటప్పుడు పై అంచు ఫ్రేముకు సమాంతరంగా వస్తోందా అని బయట నిలబడి చూడండి.

ప్యాడ్ వెనక ఉన్న పాలిథిన్ షీటును చించకుండా తిరిగి అతికించండి. అద్దం మీద నుంచి దిగే వాన నీళ్లు ఆ షీటు వెనకే జారి అడుగు రంధ్రాల్లోంచి పోవాలి. షీటు లేకపోతే నీళ్లు ప్యాడ్‌లోకి, స్విచ్‌లోకి, తివాచీలోకి వస్తాయి.

రిలే_రాజమండ్రి:

స్విచ్‌లు శుభ్రం చేశాక కూడా తృప్తిగా లేకపోతే, లేదా కొత్త స్విచ్ బోర్డు దొరక్కపోతే రిలేలు మంచి దారే. పెట్టే పద్ధతి ఇది.

ఒక్కో అద్దానికి ఐదు కాళ్ల రిలేలు రెండు కావాలి. కింద చెప్పే 30, 85, 86, 87, 87ఎ అనేవి రిలే కాళ్ల పక్కన ఉండే నంబర్లు. స్విచ్ నుంచి మోటారుకు వెళ్లే రెండు వైర్లను మోటారు దగ్గర కత్తిరించండి. స్విచ్ వైపు కొసలు ఒక్కో రిలే 86కు. రెండు 85లూ ఎర్త్‌కు. రెండు 30లూ మోటారు కాళ్లకు. 87లు రెండూ కొత్త ప్లస్ ఫీడ్‌కు, 87ఎలు రెండూ ఎర్త్‌కు. స్విచ్ నొక్కనప్పుడు మోటారు రెండు కాళ్లూ ఎర్త్ మీద ఉంటాయి, నొక్కితే ఒకటి ప్లస్‌కు మారుతుంది. స్విచ్‌లోంచి పారేది ఇక రిలే కాయిల్‌కు కావలసిన 150 మిల్లీ ఆంపియర్లే.

కొనేటప్పుడు పొరపాటు పడేది ఇక్కడే: ఐదు కాళ్లున్నా కొన్ని రిలేల్లో మధ్య కాలు 87ఎ కాదు, రెండో 87. దానితో ఈ పని జరగదు. షాపులోనే మీటరు పెట్టి, కరెంటు ఇవ్వకుండా 30కీ మధ్య కాలికీ కంటిన్యూటీ పలుకుతోందో లేదో చూసుకోండి. 87, 87ఎ తారుమారు చేస్తే అద్దం తిరగబడి పనిచేస్తుంది. అంతకన్నా ముప్పేమిటంటే, మోటారు వైర్లు ఎప్పుడూ ప్లస్ మీద ఉంటాయి, ఎక్కడ ఒరిసినా ఫ్యూజు ఎగురుతుంది.

ఫీడ్: బ్యాటరీ నుంచి 20 సెంటీమీటర్ల లోపే 30 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి 4 స్క్వేర్ ఎంఎం వైరు రబ్బరు గ్రామెట్ (రేకు రంధ్రం అంచుకు వైరు కోసుకోకుండా వేసే ఉంగరం) గుండా లోపలికి, ఇగ్నిషన్‌తో పలికే 40 ఆంపియర్ల రిలే దాటి, ఒక్కో ముందు తలుపుకు 20 ఆంపియర్ల ఫ్యూజుతో 2.5 స్క్వేర్ ఎంఎం. ఇగ్నిషన్ రిలే మానేయొద్దు. తాళం తీసేశాక కూడా అద్దాలు నడిస్తే పిల్లల మెడకు ప్రమాదం. లావు వైరు ఎందుకంటే లెక్క చిన్నదే: 0.85 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఐదు మీటర్లకు 0.1 ఓం, 10 ఆంపియర్లు పారితే 1 వోల్టు పోతుంది. 2.5 వేస్తే 0.35. ఎర్త్ వైరు కూడా అంతే లావు వేయాలి, ప్లస్ ఒక్కటే లావు చేసి ఊరుకుంటే సగం పనే.

ఎడమ తలుపు రిలేలు తలుపులోనే పెట్టాలి, ఎందుకంటే ఆఖరి స్విచ్ అక్కడే ఉంది. సీలు వేసిన రిలేలు తీసుకుని, కాళ్లు కిందికి ఉండేలా, పాలిథిన్ షీటుకు క్యాబిన్ వైపున బిగించండి. డ్రైవర్ అద్దానికి ఒక్క నొక్కుతో దిగే ఆటో ఉంటే దానికి మాత్రం రిలేలు పెట్టొద్దు. అద్దం అడుగుకు చేరిందని ఆ సర్క్యూటు మోటారు కరెంటు పెరగడాన్ని బట్టే గుర్తిస్తుంది, మధ్యలో రిలే ఉంటే దానికి తెలియదు. అక్కడ ఫీడ్, ఎర్త్ లావు చేస్తే సరి.

తాళంచెవి:

లాకుల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అది చెప్తాను.

టకటక ముందు. ఐదు వైర్ల మోటారులో రెండు వైర్లు మోటారువి, సాధారణంగా నీలం, ఆకుపచ్చ. మిగతా మూడూ, అంటే తెలుపు, గోధుమ, నలుపు, లోపలున్న చిన్న స్విచ్‌వి. డ్రైవర్ లాకు పడిందో లేచిందో మాడ్యూల్‌కు (లాకులన్నిటినీ నడిపే పెట్టెకు) చెప్పేవి అవే. అందులో కాంటాక్టు అరిగితే మాడ్యూల్‌కు పడింది, లేచింది అని పిచ్చి సంకేతాలు పోతాయి. తెలుపు, గోధుమ రెండూ విప్పి రెండు రోజులు రిమోట్‌తోనే నడపండి. టకటక ఆగితే డ్రైవర్ తలుపు మోటారు ఒక్కటే మార్చండి, కిట్ మొత్తం అక్కర్లేదు.

వెనక ఎడమది: మోటారు కడ్డీ విప్పి లాకు కడ్డీని రెండు వేళ్లతో కదపండి. బిరుసుగా ఉంటే తలుపు అంచున ఉన్న లాచ్ (తలుపును పట్టి ఉంచే కొక్కెం) ఎండిపోయింది. అందులోకి క్లీనర్ కొట్టి, మట్టి కారిపోయాక వైట్ లిథియం గ్రీజు పెట్టండి. తలుపు తెరిచే ఉంచి, స్క్రూడ్రైవర్‌తో లాచ్ మూసి లాక్ నొక్కి చూడొచ్చు. అయితే తలుపు వేసే ముందు హ్యాండిల్ లాగి లాచ్ తెరవడం మరిచిపోవద్దు, మూసి ఉన్న లాచ్‌తో తలుపు విసిరితే బాడీ మీదున్న స్ట్రైకర్ (లాచ్ పట్టుకునే కమ్మీ) తగిలి వంగుతుంది. తాళం రంధ్రంలో నూనె వద్దు, గ్రాఫైట్ పొడి వేయండి.

లాచ్ తేలిగ్గా ఉండి కూడా సగంలో ఆగితే మోటారు బిగించిన చిల్లుల పట్టీ చూడండి. లాకు పడే క్షణంలో పట్టీ వంగి, ఉన్న రెండు సెంటీమీటర్ల కదలికలో సగం తనే మింగేస్తుంది. వేలితో పట్టీని అదిమిపట్టి రిమోట్ నొక్కితే లాకు పూర్తిగా పడుతుంది, తప్పెక్కడో తెలిసిపోతుంది. పట్టీ రెట్టింపు చేయండి లేదా మోటారును నేరుగా తలుపు లోపలి రేకుకు బిగించండి. కడ్డీ లాగే దిశ లాకు కడ్డీతో ఒకే గీతలో ఉండాలి. బిగించాక అద్దం పూర్తిగా దించి మోటారుకు తగలడం లేదని చూసుకోండి.

ఈ కిట్లతో వచ్చే వైర్లు చాలా సన్నవి. నాలుగు మోటార్లూ ఒకేసారి కొడితే ఆ క్షణం 15 ఆంపియర్ల పైన లాగుతాయి. మాడ్యూల్ ప్లస్, ఎర్త్ వైర్లను 1.5 స్క్వేర్ ఎంఎంకు మార్చండి. కొన్ని మాడ్యూల్స్‌లో పల్స్ సమయం మార్చే జంపర్ ఉంటుంది: 0.5 సెకను ఒకటి, 3.5 ఇంకొకటి. 3.5 అనేది గాలితో పనిచేసే లాకుల బండ్లకు. నెమ్మదిగా ఉంది కదా అని దాన్ని పెట్టారో, లాకు పడ్డాక కూడా మూడు సెకన్లు కరెంటు తింటూ మోటారు కాలిపోతుంది.

ఎస్టీమ్_కాకినాడ:

అద్దం జిగురు తీసి, వెనక చానెల్ కొత్తది వేసి, మిషన్‌కు గ్రీజు, రెండు స్విచ్‌లూ ఎర్త్ లగ్గులూ శుభ్రం. ఇప్పుడు ముందు ఎడమ: బ్యాటరీ 14.1, మోటారు 12.2. పైకి 5 సెకన్లు, ఎక్కడా ఆగడం లేదు. డ్రైవర్ వైపు స్విచ్ శుభ్రంతోనే 9 నుంచి 6కు వచ్చింది, రబ్బర్లు ఇంకా ముట్టుకోలేదు. టకటక తెలుపు, గోధుమ విప్పగానే ఆగింది.

వెనక ఎడమ లాకు పట్టీ అదిమితే పడుతోంది. రేకుకు బిగించడానికి స్క్రూ ఎంత పొడవు ఉండొచ్చు?

తాళంచెవి:

12 మి.మీ. మించొద్దు. అద్దం పూర్తిగా దించి, రంధ్రం వేసే ముందు లోపల చేయి పెట్టి అద్దానికీ రేకుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో తడిమి చూడండి. డ్రిల్లు బిట్టుకు మొన నుంచి 5 మి.మీ. దగ్గర టేపు చుట్టుకుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. రంధ్రం అంచుకు కొంచెం రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే రంగు) పూయండి, కాకినాడలో వారానికే ఎర్రబడుతుంది.